వడియాలు ఎండబెడితే బీమా పోయింది!

2025 ఫిబ్రవరి. బయట మంచు పడుతోంది. పోస్టులో వచ్చిన కవర్లన్నీ వంటింటి బల్ల మీద పడేసి, టీ పెట్టుకుని ఒక్కొక్కటే చింపుతున్నాను. అందులో ఇంటి ఇన్సూరెన్స్ కంపెనీ ఉత్తరం ఒకటి. ఏటా ఆ రోజుల్లోనే వస్తుంది. ప్రీమియం ఎంత పెంచారో చూసి ఉసూరుమని పక్కన పెట్టెయ్యడం అలవాటే. ఈసారి పెంచలేదు. అసలు పాలసీయే ఇవ్వం పొమ్మన్నారు.

కారణం రెండు ముక్కల్లో రాశారు. ఆకాశం నుంచి తీసిన ఫోటోల్లో మా ఇంటి కప్పు పాడైపోయినట్టు, దాని మీద తాత్కాలికంగా టార్పాలిన్ కప్పినట్టు కనబడిందట. కప్పు మీద మరకలు కూడా ఉన్నాయట. కాబట్టి మార్చి నెలాఖరుతో సరి.

రెండుసార్లు చదివాను. మా ఇంటికి ఎవరూ రాలేదు. తలుపు తట్టలేదు, నిచ్చెన వెయ్యలేదు. మరి ఎవరు చూశారు? ఎప్పుడు చూశారు?

మేం పిట్స్‌బర్గ్ శివారులో ఉంటాం. ‘ఉంటాం’ అనడం ఇంకా అలవాటు పోలేదు గానీ, మా వారు పోయి మూడేళ్ళయింది. అబ్బాయి సియాటిల్‌లో. ఇంట్లో నేనొక్కదాన్నే. చిన్నపిల్లల బడిలో పనిచేస్తున్నాను. ఇంటి అప్పు ఇంకా ఆరేళ్ళుంది. ఇన్సూరెన్స్ పోతే ఏమిటి, కొన్నాళ్ళు లేకుండానే గడుపుతాం అనుకోవడానికి ఇక్కడ వీల్లేదు. అప్పున్న ఇంటికి బీమా ఉండి తీరాలని బ్యాంకు షరతు. మనం చేయించకపోతే వాళ్ళే ఒకటి చేయించి ఆ ఖర్చు మన నెత్తిన వేస్తారు. అది మామూలు పాలసీకంటే చాలా ఖరీదు. పైగా అది కాపాడేది ముఖ్యంగా బ్యాంకువాళ్ళ డబ్బునే. మన బీరువా, మన బట్టలు, మన సామాను దాని లెక్కలోకి రావు.

ఆ రాత్రి అబ్బాయికి ఫోన్ చేశాను. “అమ్మా, వాళ్ళతో ఎందుకు పోట్లాట? వేరే కంపెనీ చూసుకుందాం” అన్నాడు. వాడి మాటా నిజమే. కానీ ఒక కంపెనీ కాదన్న ఇంటిని రెండో కంపెనీ అనుమానంగానే చూస్తుంది. దరఖాస్తులో ‘ఇంతకుముందు ఎవరైనా నిరాకరించారా’ అన్న ప్రశ్న మామూలుగా ఉంటుంది. అబద్ధం రాయలేం కదా!

పైనుంచి చూసిన మా ఇల్లు

మర్నాడు ఫోన్ పట్టుకున్నాను. మూడుసార్లు మాట్లాడితే ముగ్గురు మూడు రకాలుగా చెప్పారు. ఒక అబ్బాయి పాపం మర్యాదగానే, “మేడమ్, సిస్టమ్ అలా చూపిస్తోంది, నేనేం చెయ్యలేను” అన్నాడు. ఆ ఫోటో ఏదో నాకూ చూపించండి అంటే అది మా దగ్గర ఉండదన్నారు. చివరికి మాకు పాలసీ చేయించిన ఏజెంటును పట్టుకుంటే, రెండు రోజుల తర్వాత మెయిల్లో పంపాడు.

ఇరవై ఏళ్ళుగా ఉంటున్న ఇంటిని పైనుంచి చూడటం అదే మొదటిసారి. దీర్ఘచతురస్రంలా బూడిదరంగు కప్పు. ఉత్తరం వైపు నల్లటి చారలు. పక్కన గరాజ్. మా గరాజ్ పైభాగం మన డాబాలాగా చదునుగా ఉంటుంది. మేడ మీద గదిలోంచి దాని మీదికి తలుపుంది. దాని నడిమధ్యన నీలిరంగు టార్పాలిన్, దాని మీద తెల్లటి గుడ్డ. పక్కన ఓ చుక్క, దానికో నీడ. ఫోటో తేదీ 2024 జూలై.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అది పిండి వడియాలు పెట్టిన రోజు! ఇక్కడ ఎండ ఉండేది ఆ రెండు నెలలే. ఏటా జూలైలో ఓ శనివారం చూసుకుని, తెల్లవారుజామున పిండి ఉడికించి, కింద టార్పాలిన్ పరిచి, దాని మీద తడిగుడ్డ వేసి వడియాలు పెడతాను. ఉడతలు రాకుండా కుర్చీ వేసుకుని కాపలా కూర్చుంటాను. ఫోటోలో ఆ చుక్క నేనే. ఆ పైన విమానం ఎప్పుడు వెళ్ళిందో నాకు గుర్తే లేదు. పొద్దున్నే నైటీలో ఉన్నానన్నది మాత్రం గుర్తుంది.

అమెరికాలో కప్పు మీద నీలం టార్పాలిన్ కనబడిందంటే దానికి ఒకటే అర్థం. గాలివానకు కప్పు ఎగిరిపోయింది, ఇల్లు కారుతోంది, బాగుచేయించలేదు. కంప్యూటర్ నేర్చుకున్నది అదే. దానికి వడియాలు ఎవరు చెబుతారు?

ఇదెలా జరుగుతోంది?

అప్పటినుంచి దీన్ని గురించి కాస్త చదివాను, తెలిసినవాళ్ళని అడిగాను. చిన్న విమానాల్లో పెద్ద కెమెరాలు బిగించి ఊళ్ళకు ఊళ్ళు ఫోటోలు తీసే కంపెనీలున్నాయి. కొన్నిచోట్ల డ్రోన్లు, ఉపగ్రహాలు కూడా వాడతారు. ఒక్కో ఊరిని ఏడాదిలో ఒకటికి రెండుసార్లు తీస్తారు. ఫోటోలో మూడు నాలుగు అంగుళాల వస్తువు కూడా తెలుస్తుంది. ఈ ఫోటోలను కంప్యూటర్ ప్రోగ్రాములకు అప్పగిస్తే, అవి కప్పు వయసు, మరకలు, ఊడిన పెంకులు, కప్పు మీద వంగిన చెట్టు కొమ్మలు, పెరట్లో ఈతకొలను, పిల్లలు ఎగిరే ట్రాంపొలిన్, మూలన పడేసిన పాత సామాను అన్నీ లెక్కగట్టి ఇంటికి మార్కులు వేస్తాయి. ఇన్సూరెన్స్ కంపెనీ ఆ మార్కులు కొనుక్కుంటుంది. 2024 ఏప్రిల్‌లో వాల్ స్ట్రీట్ జర్నల్ పత్రిక దీని మీద పెద్ద కథనం రాసింది. బీమా కంపెనీలు కలిసి నడిపే ఒక సంస్థ, తమ విమానాల ఫోటోలు దేశ జనాభాలో 99 శాతం ఉండే ప్రాంతాలను కవర్ చేస్తాయని చెప్పుకున్నట్టు అందులో ఉంది. అంటే ఇక్కడున్న మన తెలుగువాళ్ళ ఇళ్ళన్నీ దాదాపు అందులో ఉన్నట్టే.

కంపెనీల వాదన కూడా వినాలి. వడగళ్ళకీ గాలివానలకీ ముందు దెబ్బతినేది కప్పే. వాళ్ళు చెల్లించే పరిహారాల్లో కప్పులది పెద్ద భాగం. ఒక్కో ఇంటికి మనిషిని పంపి నిచ్చెన ఎక్కించి చూడాలంటే ఖర్చు, ఆలస్యం, మనిషికి ప్రమాదం. పైగా ఇవే ఫోటోలు మేలు చేసే సందర్భాలూ ఉన్నాయి. తుపాను వెలిసిన మర్నాడు రోడ్లన్నీ మూసుకుపోయి ఎవరూ ఊళ్ళోకి వెళ్ళలేనప్పుడు, పైనుంచి ఫోటో తీసి, ఏ ఇల్లు పూర్తిగా పోయిందో చూసి, త్వరగా డబ్బులు ఇవ్వవచ్చు. అది నేను కాదనను. మా బాధల్లా, సాయం చెయ్యడానికి వాడినప్పుడు ఫోటోను మనకు చూపిస్తారు, తీసెయ్యడానికి వాడినప్పుడు దాచిపెడతారు.

ఇక ఆ నల్లచారల సంగతి. ఇది చాలామంది ఇళ్ళ మీద ఉంటుంది, మీ ఇంటి మీద కూడా ఉండొచ్చు. ఇక్కడి కప్పులు తారు పూసిన పెంకుల్లాంటివి, షింగిల్స్ అంటారు. వాటిలో సున్నపురాయి పొడి కలుపుతారు. ఆ పొడిని తిని బతికే ఒక సూక్ష్మజీవి ఉంది. నీడ, తేమ ఉన్న ఉత్తరం వైపు బాగా పెరిగి నల్లటి చారలుగా కిందికి దిగుతుంది. చూడటానికి అసహ్యంగా ఉంటుంది గానీ, చారలున్నంత మాత్రాన కప్పు కారుతున్నట్టు కాదు. మన ఊళ్ళో వానాకాలం గోడ పాచి పట్టినంత మాత్రాన ఇల్లు కూలిపోతుందా? ఆ తేడా నిచ్చెనెక్కిన మనిషికి అయిదు నిమిషాల్లో తెలుస్తుంది. విమానానికి తెలియదు.

నన్నడగకుండా ఫోటో తియ్యొచ్చా?

నాకు ముందు ఒళ్ళు మండింది ఇక్కడే. నా పెరట్లో నేను ఎలా కూర్చున్నానో చూసే హక్కు వాళ్ళకెక్కడిది అని. గుళ్ళో పరిచయమైన ఒకావిడ వకీలు దగ్గర ఆఫీసు పని చూస్తుంటారు. మాది పెన్ హిల్స్‌లోని శ్రీవేంకటేశ్వరస్వామి గుడి. 1976 నుంచీ ఉంది, ఈ ప్రాంతపు తెలుగువాళ్ళకి సగం సమస్యలు ఆ గుడి భోజనశాలలోనే తేలతాయి. ఆవిడ పులిహోర తింటూ నా కోపం మీద నీళ్ళు చల్లేశారు.

“అమ్మాయ్, ఆకాశం మనది కాదు” అన్నారు. సుప్రీంకోర్టు 1986లో ఒక కేసులో, 1989లో ఇంకో కేసులో ఇదే చెప్పిందట. మొదటిది కాలిఫోర్నియాలో. పెరడు చుట్టూ ఎత్తయిన కంచె ఉన్నా, పోలీసులు వెయ్యి అడుగుల ఎత్తులో విమానంలో వెళుతూ లోపల గంజాయి మొక్కలు చూశారు. రెండోది ఫ్లోరిడాలో. 400 అడుగుల ఎత్తులో హెలికాప్టర్ నుంచి, పైకప్పు రేకులు రెండు లేని ఓ మొక్కల షెడ్డులోకి చూశారు. రెండింటిలోనూ వారెంట్ అక్కర్లేదని కోర్టు తీర్పిచ్చింది. పైగా రాజ్యాంగంలోని ఆ రక్షణ ప్రభుత్వం నుంచి కాపాడటానికే గాని, ప్రైవేటు కంపెనీని అదేమీ అనదు.

“ఫోటో ఎందుకు తీశారని పోట్లాడితే ఓడిపోతావు. ఫోటో చూసి ఏం చేశారని పోట్లాడు” అన్నారావిడ. అప్పుడు నా చేతిలో ఉత్తరం లాక్కుని రెండో పేజీ తిప్పారు. నేను చదవని పేజీ. అడుగున చిన్నక్షరాల్లో ఉంది: ఈ నోటీసు అందిన 10 రోజుల్లోగా రాష్ట్ర ఇన్సూరెన్స్ కమిషనర్‌కు రాసి, ఈ నిర్ణయాన్ని సమీక్షించమని కోరవచ్చు.

అప్పటికి ఏడో రోజు.

ఆ రెండో పేజీ

ఈ దేశంలో ఇన్సూరెన్స్‌ను అదుపు చేసేది ఎక్కువగా రాష్ట్రాలే. 1945లో చేసిన ఒక కేంద్ర చట్టం ఆ పని వాళ్ళకే వదిలేసింది. అందుకే ఒక రాష్ట్రంలో ఉన్న రక్షణ పక్క రాష్ట్రంలో ఉండకపోవచ్చు. మా పెన్సిల్వేనియాలో 1974 నాటి చట్టం ఒకటుంది. పాలసీ మొదలై 60 రోజులు దాటిన తర్వాత, ఇంటి బీమాను కంపెనీ తన ఇష్టమొచ్చినట్టు ఆపెయ్యడానికి వీల్లేదు. డబ్బు కట్టకపోవడం, అబద్ధం చెప్పి తీసుకోవడం, పాలసీ తీసుకున్నాక ఇంటికి ప్రమాదం బాగా పెరగడం... ఇలాంటి కొన్ని కారణాలే చెల్లుతాయి. 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, కారణం రాయాలి, కమిషనర్‌కు చెప్పుకోవచ్చన్న సంగతి కూడా రాయాలి. రాశారు మరి, చిన్నక్షరాల్లో!

ఇంకో సంగతి తెలిసి ప్రాణం లేచొచ్చింది. ఈ ఫోటోల మీద ఫిర్యాదులు ఎక్కువై, 2024లో మా రాష్ట్ర ఇన్సూరెన్స్ శాఖ కంపెనీలన్నిటికీ ఒక నోటీసు ఇచ్చింది. పైనుంచి తీసిన ఫోటోలో రంగు మారినట్టో చారలు పడినట్టో కనబడితే అంతమాత్రాన ప్రమాదం పెరిగినట్టు కాదని దాని సారాంశం. ఇలాంటి ఆలోచనే మరికొన్ని రాష్ట్రాల్లోనూ సాగుతోంది. ఇంటివాళ్ళకి ముందుగా చెప్పాలని, అడిగితే ఫోటో ఇవ్వాలని కోరే బిల్లు ఒకటి కాలిఫోర్నియా శాసనసభ ముందుకు వచ్చింది. అన్ని రాష్ట్రాల కమిషనర్ల సంఘం, కంప్యూటర్ తెలివితో నిర్ణయాలు చేసే బీమా కంపెనీలు వాటికి బాధ్యత వహించాలంటూ 2023 డిసెంబర్‌లో ఒక నమూనా ఉత్తర్వు తయారుచేసి రాష్ట్రాలకు ఇచ్చింది.

ఇంతకీ నాకు కావలసింది సాక్ష్యం. కప్పు ఎప్పుడు వేయించామో నాకు గుర్తులేదు. ఆ వ్యవహారాలన్నీ ఆయనే చూసేవారు. నేను వంటిల్లు, ఆయన కాగితాలు. అదే మా పంపకం. ఆయన పోయాక కింద గదిలోని ఇనప బీరువా నేను తెరవలేదు. తెరవాలనిపించలేదు. ఆ రాత్రి తెరిచాను. ఫైళ్ళన్నీ వరసగా ఉన్నాయి, ఒక్కోదాని మీద తెలుగులో ఆయన అక్షరాలు. కారు. కరెంటు. బాబు చదువు. ఐదోదో ఆరోదో ‘ఇంటి కప్పు’. లోపల 2016 నాటి బిల్లు, పని చేసినవాళ్ళ గ్యారంటీ కాగితం, కప్పు పూర్తయిన రోజు ఆయన రోడ్డు మీద నిలబడి తీసిన రెండు ఫోటోలు. ఒకదానిలో కిటికీ దగ్గర నేను, “చాల్లెండి, లోపలికి రండి” అన్నట్టు చెయ్యి ఊపుతూ.

కాసేపు అక్కడే నేల మీద కూర్చున్నాను.

కప్పు వేసినవాళ్ళకి ఫోన్ చేస్తే, ఇప్పుడు మంచు ఉంది, ఎక్కలేం, కరిగాక వస్తామన్నారు. నాకున్నది మూడు రోజులు. గుడిలో ఆవిడ, “అవన్నీ తర్వాత పంపొచ్చు, ముందు గడువులోగా ఉత్తరం పడెయ్” అన్నారు. ఇద్దరం కూర్చుని ఒకటిన్నర పేజీ రాశాం. కప్పు వయసు తొమ్మిదేళ్ళు, బిల్లు జతచేశాం. టార్పాలిన్ ఉన్నది ఇంటి కప్పు మీద కాదు, గరాజ్ మీద. అది కప్పిన రంధ్రం ఏదీ లేదు. అది అక్కడున్నది ఒక పగలు మాత్రమే, తినే పదార్థాలు ఎండబెట్టడానికి. ఎవరూ వచ్చి చూడలేదు. ఫోటో తీసి ఏడు నెలలైంది. ‘వడియాలు’ అన్న మాటను ఇంగ్లీషులో ఎలా రాయాలో పావుగంట తేలలేదు. చివరికి ‘ఎండలో ఆరబెట్టే బియ్యప్పిండి అప్పడాలు’ అని అర్థం వచ్చేట్టు రాసి, డబ్బాలో మిగిలినవాటి ఫోటో కూడా పెట్టాను. ఆవిడ వద్దన్నారు గానీ నేనే పెట్టాను.

మార్చి రెండోవారంలో మంచు కరిగింది. కప్పు పనివాడొచ్చి పావుగంటలో దిగి, షింగిల్స్ గట్టిగా ఉన్నాయి, కారడం లేదు, చారలు కడిగితే పోతాయి అని రాసిచ్చాడు. అదీ పంపాను. ఇంకో పది రోజులకు కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. మీ పాలసీ కొనసాగిస్తున్నాం, కప్పు మీది మరకలు శుభ్రం చేయించుకోగలరు, అని. టార్పాలిన్ ఊసే లేదు. పొరపాటైంది అన్న మాట కూడా లేదు. మరకలు కడిగించాను. ఒత్తిడితో నీళ్ళు కొట్టే యంత్రం మాత్రం వాడనివ్వకండి, షింగిల్స్ మీది గరుకుపొడి రాలిపోయి కప్పు నిజంగానే పాడవుతుంది. బ్లీచింగ్ కలిపిన నీళ్ళు మెల్లగా చల్లి, కాసేపయ్యాక కడిగేస్తారు. కింద మొక్కలుంటే ముందే బాగా నీళ్ళు పోసి తడపాలి. నేను మర్చిపోయాను, ఓ గులాబీ మొక్క పోయింది.

పక్కింటావిడ

నా సంగతి ఇలా తేలింది గానీ మా పక్కింటావిడది తేలలేదు. అమెరికనావిడే, ఎనభై దాటాయి, నాలాగే ఒంటరి. నా ఫోటోలో ఆవిడ ఇల్లు కూడా సగం కనబడుతుంది. ఆవిడకీ అలాంటి ఉత్తరమే, అంతకు ముందు డిసెంబర్లో వచ్చిందట. కప్పు మీదికి చెట్టు కొమ్మలు వంగాయని. ఆ కొమ్మలు ఫోటో తీశాక అక్టోబర్‌లోనే కొట్టించేసింది! రెండో పేజీ ఆవిడా తిప్పలేదు. పది రోజులు గడిచిపోయాయి. భయపడి, దొరికిన కంపెనీలో దాదాపు రెట్టింపు ప్రీమియంతో పాలసీ తీసుకుంది. అందుకోసం ఏం మానేసిందో నాకు చెప్పలేదు. గురువారం గురువారం వచ్చే పనిమనిషి మాత్రం ఈమధ్య రావడం లేదు.

మీలో చాలామంది పిల్లలు ఇక్కడ ఇళ్ళు కొనుక్కున్నారు. వాళ్ళకి ఇలాంటి కవరొస్తే మొదట తేదీ చూడమనండి, తర్వాత ఆఖరి పేజీ చదవమనండి. ఏ ఫోటో చూసి ఈ నిర్ణయం చేశారో అది తేదీతో సహా పంపమని రాతపూర్వకంగా అడగాలి. ఫోన్లో అడిగితే గాలికి పోతుంది. రాష్ట్ర ఇన్సూరెన్స్ శాఖకు ఫిర్యాదు చెయ్యడానికి వకీలు అక్కర్లేదు. ఎవరూ ఇవ్వకపోతే ఆఖరి దిక్కుగా చాలా రాష్ట్రాల్లో ‘ఫెయిర్ ప్లాన్’ అని ఒకటుంది. 1968లో, నగరాల్లో అల్లర్ల తర్వాత కంపెనీలు కొన్ని పేటలకు బీమా మానేస్తే పెట్టిన ఏర్పాటు. దాని రక్షణ తక్కువ. దాన్దాకా పోకుండా చూసుకోవడమే నయం. ఇంటి కాగితాలు ఎక్కడున్నాయో ఇద్దరికీ తెలిసుండాలి. ఇది మాత్రం నేను కాస్త గట్టిగానే చెబుతాను.

విజయవాడలో ఉన్న మా చెల్లెలికి ఇదంతా చెబితే పకపకా నవ్వింది. “మాకసలు ఇంటికి ఇన్సూరెన్సే లేదు కదే, పైనుంచి చూసుకోమను” అంది. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు వాళ్ళ కిందిగదిలో నడుంలోతు నీళ్ళు. ఫ్రిజ్జు, మంచాలు, పెళ్ళి ఆల్బం పోయాయి. ఎవరినీ అడిగేదీ లేదు, ఎవరూ ఇచ్చేదీ లేదు. అది వేరే కథ, మరోసారి రాస్తాను.

పక్కింటావిడ చెట్టు కొట్టించిన బిల్లు వెతికి పట్టుకున్నాం. నా కప్పు చూసినతన్నే పిలిచి ఆవిడ కప్పు కూడా చూపించి కాగితం రాయించాం. వాటితో నాలుగు కంపెనీలకు దరఖాస్తు పెట్టాం. ఆవిడ కొత్త పాలసీ గడువు డిసెంబర్ 18. ఆ తేదీ మా వంటింటి క్యాలెండర్ మీద కూడా రాసి పెట్టుకున్నాను.